పీకేసిన పుంటికూర

అమీర్‌పేట మెట్రో స్తంభాల కింద తోపుడుబండి మీద గోంగూర కట్టలు కనిపిస్తే ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి. ఒక ఆకు తుంచి, నలిపి వాసన చూస్తాను, బండివాడు కసురుకుంటే కసురుకోనీ. ఆ పుల్లటి వాసన నన్ను నేరుగా సత్తెమ్మవ్వ మడి దగ్గరికి లాక్కుపోతుంది.

మేము గుంటూరు నుంచి వచ్చి ఆవిడ ఇంట్లో పై వాటాలో అద్దెకు దిగేటప్పటికి నాకు తొమ్మిదేళ్లు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కలంతా కూరగాయలు పండించిన కుటుంబం వాళ్లది. పొలాలన్నీ ఇళ్లయిపోగా గోడవారన ఒక్క మడి మిగిలింది. పక్షవాతంతో అవ్వ కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. అందుకని బడి వదిలాక ఆవిడ చేతులు నేనే. కుర్చీలో కూర్చుని ఎడమచేతి కర్రతో ఆవిడ చూపించడం, నేను తవ్వడం. ముసురుకు నానిన గోడ, పక్కింట్లో కాలే జొన్నరొట్టె వాసన, గోళ్లలో ఇరుక్కున్న నల్లమట్టి, పనయ్యాక కొంగుముడి విప్పి అవ్వ పెట్టే పుట్నాలూ బెల్లమూ, అదీ నా సాయంత్రం.

ఆవిడ కొడుకు యాదగిరికి ఇదంతా నచ్చేది కాదు.

"నీ చెయ్యి లేవదు, కాలు లేవదు. ఎన్ని దినాలు చేస్తవే అమ్మా? మడి మీద బండలు ఏపిస్త, స్కూటర్ పెట్టుకోనీకన్న పనికొస్తది."

"బోనాలకు నా మడిల పుంటికూరతోనే పప్పు వండిపిస్త. గట్ల కాకుంటే ఏపించుకో," అంది అవ్వ.

తనదని చెప్పుకోవడానికి ఆవిడకు ఆ మడి తప్ప ఇంకేమీ లేదని నాకు ఆ వయసులోనే అర్థమైంది. పుంటికూర అంటే ఏమిటో మాత్రం అర్థం కాలేదు. అడగడానికి నామోషీ.

మొక్కలు జానెడు ఎదిగాక ఒక ఆదివారం మధ్యాహ్నం "పుంటికూర ఉంచి మిగిలినయన్ని పీకెయ్ బిడ్డా" అని చెప్పి అవ్వ కునుకు తీయడానికి కర్ర ఊతంతో కాలీడ్చుకుంటూ లోపలికి వెళ్లింది. చూస్తే మడి నిండా గోంగూర! గుంటూరు పిల్లకు గోంగూర తెలియదా? పిలవని పేరంటంలా ఇదెక్కడ మొలిచిందనుకుంటూ వేళ్లతో సహా అంతా లాగేసి, పచ్చడికని అమ్మకిచ్చి, మిగిలిన పిచ్చిమొక్కలకు శ్రద్ధగా నీళ్లు పోశాను.

అవ్వ లేచి వచ్చింది. "నా పుంటికూరేదే?"

"ఇదిగో అవ్వా. మధ్యలో గోంగూర మొలిస్తే అంతా పీకేశాను," అన్నాను గర్వంగా.

"నీ పాడుగాను, గదేనే పుంటికూర!"

ఒక్క పరుగున మెట్లెక్కి "అమ్మా, తుంచకు!" అని అరిచాను. మట్టి వదలాలని అమ్మ వాటిని బకెట్ నీళ్లలో వేసి ఉంచింది, మా అదృష్టం. ఎండ చల్లబడ్డాక అమ్మ కొంగు బిగించింది, నేను గుంటలు తీశాను, అవ్వ కర్రతో వరసలు చూపించింది. రెండు రోజులు తలలు వేలాడేశాయి. మూడో రోజు ముసురు పట్టింది. నాలుగో రోజు బడికి వెళుతూ చూస్తే అన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి. నేను పెట్టిన గావుకేకకు వీధంతా బయటికొచ్చింది.

బల్కంపేట వైపు డప్పులు మోగుతున్న బోనాల పొద్దున, నేను కొమ్మ పట్టుకుంటే అవ్వ ఎడమచేత్తో ఒడి నిండా ఆకు తుంచింది. యాదగిరి పప్పు రెండుసార్లు వడ్డించుకుని, తల ఎత్తకుండానే, "బండలేసెటోనికి వద్దని చెప్పొస్త తియ్," అన్నాడు. అవ్వ ముఖంలో సగమే నవ్వగలదు. ఆ సగమే ఇల్లంతా నిండింది.

ఇప్పుడక్కడ అయిదంతస్తుల హాస్టల్ ఉంది. వెతికినా పిడికెడు మట్టి దొరకదు, అవ్వా లేదు. అయినా నాకు దిగులు లేదు. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆ మడి ఎండలేదు. ఆవిడ పోయిన రోజు పొద్దున దానికి నీళ్లు పోస్తున్నది యాదగిరే.