గడ్డి కింది వాళ్ళకు గారెలు

"గత్తరొచ్చి సచ్చినోళ్ళ మీద నిలబడి నవ్వుకుంట ఫోటోలు దిగుతవా?"

"అమ్మమ్మా, వాళ్ళు పోయి ఎన్నేండ్లయిందో. ఇప్పుడది పార్కే, లా. అందరూ అక్కడే దిగుతరు."

"అందరిండ్లల్ల పొద్దుగాలనే పసుపు దంచిన్రా?"

"పసుపుకూ పార్కుకూ ఏం కనెక్షన్?"

"పార్కు కాదు, బొందలగడ్డ. గడ్డి ఏసి బెంచీలేస్తే బొందలు యాడికి పోతయ్?"

పరాయి దేశంలో, బిషాన్ అనే పేటలో మా అమ్మాయి ఫ్లాటు వంటింట్లో నేనూ నా మనవరాలూ పడ్డ గొడవ ఇది. నా చేతులు మినప్పప్పు కడుగుతున్నాయి, నోరు తన పని తాను చేసుకుపోతోంది. పిల్ల పెళ్ళి దగ్గర పడింది. ఆ పొద్దున్నే ముత్తైదువలను పిలిచి పసుపు దంచాం. పసుపు దంచాక పెళ్ళికూతురు మెడలో తాళి పడేదాకా చావు జరిగిన ఇంటికి పోకూడదు, శ్మశానం వైపు తొంగి చూడకూడదు. మా ఇళ్ళలో ఈ మాట ఎవరూ ఎవరికీ నేర్పరు. అందరికీ తెలిసే ఉంటుంది. ఈ పిల్లకు తప్ప.

ఫోటోలు తీసే అబ్బాయిని మర్నాటి పొద్దుటికే పిలుచుకుంది. ఆ చోటు ఎంత బాగుంటుందో చూడమని ఫోను నా ముఖం మీద పెట్టింది. ఊరి నడుమ గుట్ట, పచ్చటి గడ్డి, చుట్టూ పాత ఇటుక గోడ. ఆ గోడలో అక్కడక్కడా రాళ్ళు పొదిగి ఉన్నాయి. ఈ రాళ్ళేమిటని అడిగాను. ఇక్కడ పెరిగిన పిల్ల, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలిస్తుంది కానీ అబద్ధం ఆడటం రాదు. అది ఒకప్పుడు చర్చివాళ్ళ శ్మశానమనీ, ఓడలు దిగి వచ్చిన తెల్లవాళ్ళు కలరాతోనో జ్వరంతోనో పోతే అక్కడ పెట్టేవారనీ, తర్వాత రాళ్ళను తీసి గోడలో పెట్టారనీ చెప్పేసింది.

"రాళ్ళు గోడకెక్కినయ్. మరి మనుషులు?"

"చాలామంది గడ్డి కిందనే ఉన్నరట."

ఇంకేం కావాలి గొడవకు?

"ఇంత పెద్ద ఊర్ల ఇంకో జాగ దొరకలేదా?"

"అమ్మమ్మా, ఆయన నన్ను పెండ్లి అడిగింది అక్కడే. ఫోటో అక్కడ లేకపోతే నాకు ఫోటోలే వద్దు."

"గన్ని షాపింగు మాళ్ళున్నయ్, అక్కడ అడగొచ్చు గదా?"

"అక్కడ రష్షు. మాట రాలేదట."

"బొందలగడ్డల అయితే ఎవరూ అడ్డం మాట్లాడరని అడిగిండు."

పిల్ల నవ్వలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ పిల్ల ఊరికే ఏడ్చే రకం కాదు. అయినా నేను మెత్తబడలేదు. పెళ్ళికి ముందు జరిగిన తప్పును తర్వాత ఎవరు దిద్దుతారు?

అప్పుడే మా అమ్మాయి రాఫెల్స్ ప్లేస్‌లోని ఆఫీసు నుంచి వచ్చింది. చెప్పులు విడుస్తూనే, "లిఫ్టు దాకా ఇనవడుతున్నది, ఏమైంది?" అంది. చెప్పాను. మనవరాలు కళ్ళు తుడుచుకుని అసలు బాణం అప్పుడు తీసింది.

"బొందలగడ్డకు పోవద్దంటే నేను ఈ ఇంట్ల కూడ ఉండొద్దు. బిషాన్ మొత్తం అదే. మన ఫ్లాటు కింద కూడ ఒకప్పుడు సమాధులే."

సోఫాలో ఉన్న మా అల్లుడు ఫోన్‌ను ముఖానికి ఇంకొంచెం దగ్గరగా పెట్టుకున్నాడు. నేను అల్లుడితో ఎదురుగా మాట్లాడను. ఏదైనా అమ్మాయికే చెబుతాను. ఆయన అక్కడే కూర్చుని ఉన్నా సరే.

"మీ ఆయనను అడుగు, నిజమేనా అని."

"నిజమే అత్తమ్మా," అన్నాడు ఫోనుతో. "కానీ అది చైనీసోళ్ళది. తవ్వి తీసి, వాళ్ళ పద్ధతి ప్రకారం వేరే చోటికి తీసుకపోయిన్రు."

"నాకెందుకు చెప్పలేదో అడుగు."

"చెప్తే మీరు రారని."

రాను. నిజమే. ఎవరి చావుకైనా వెళ్ళి వస్తే నేను ఈ ఫ్లాటులోనే ఈయనను కూడా తలుపు బయట నిలబెట్టి, నెత్తిన నీళ్ళు చల్లి, అప్పుడు లోపలికి రానిచ్చేదాన్ని. ఇన్నేళ్ళూ ఆయన కిక్కురుమనకుండా తల వంచి నీళ్ళు చల్లించుకున్నాడు. బయట నిలబడిన చోటూ లోపలికి వచ్చిన చోటూ రెండూ బొందలగడ్డేనని ఆయనకు అప్పుడే తెలుసన్నమాట.

పప్పు కడగడం మానేసి కూర్చున్నాను. ఇల్లు ఖాళీ చేసి పెళ్ళి చేయలేం. ఈ ఇంటి కింద ఉన్నవాళ్ళను వాళ్ళ వాళ్ళు మర్యాదగా తీసుకుపోయారు. మరి ఆ గుట్ట మీది వాళ్ళ సంగతేమిటి? ఓడ దిగి, ఊరి పేరు నోరు తిరగకముందే పోయినవాళ్ళు. వాళ్ళకు ఎవరు పెట్టారు?

మా చిన్నప్పుడు గత్తర, అంటే కలరా, మాట వస్తే పెద్దవాళ్ళు గొంతు తగ్గించేవారు. గత్తరలో పోయినవాళ్ళకు డప్పు లేదు, దినాలు లేవు. ముట్టుకోవడానికి భయపడి ఒకే గుంతలో పెట్టి వచ్చేవారట. మా ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా ముందు పెద్దలకు పెట్టుకుంటాం. చనిపోయిన పెద్దలకు వండి వడ్డించి, పెళ్ళి సంగతి చెప్పడం అది. అప్పుడు మా అమ్మ ఒక విస్తరి ఎక్కువ వేసేది. ఎవరికని అడిగితే, "గత్తర్ల పోయినోళ్ళకు. వాళ్ళకు పెట్టినోళ్ళు లేరు" అనేది.

మళ్ళీ పప్పు గిన్నె దగ్గరికి లాక్కున్నాను.

"పో. కానీ ఉత్త చేతులతోని పోవద్దు. వాళ్ళకు పెట్టి, అడిగి, అప్పుడు నిలబడు."

"వాళ్ళు మనోళ్ళు కాదు కదా అమ్మమ్మా?"

"వాళ్ళ నెత్తి మీద నిలబడి పెండ్లి ఫోటో దిగుతున్నవ్. ఇంకేం చుట్టరికం కావాలె?"

పిల్ల వచ్చి నా భుజం మీద వాలింది. పప్పు నీళ్ళు ఒలుకుతాయని పక్కకు జరిపాను.

"తెల్లోళ్ళు గారెలు తింటరా?" అని అమ్మాయికి అనుమానం వచ్చింది.

"డోనట్ లాగనే ఉంటది లా," అంది మనవరాలు.

"అమ్మా, అక్కడ అన్నం కింద పెట్టకు. పిట్టలకు ఏస్తే జుర్మానా," అంది అమ్మాయి.

"పిట్టలకు నేనెందుకు ఏస్త? ఒక్క మెతుకు కింద పడనియ్య. వాళ్ళకు చూపెట్టి మనమే తింటం. మీ ఆయనను అడుగు, ఎయిర్‌పోర్టుల కొన్న సీసా ఉన్నది గదా. పెద్దలకు మందు పెట్టుడు మన పద్ధతి."

"అత్తమ్మా, అది పెండ్లికి దాచింది."

"ఇది పెండ్లి పనే అని చెప్పు. గ్లాసెడు అడుగుతలేను, మూతెడు."

మర్నాడు పొద్దున్నే గారెలు చేసి, స్టీలు డబ్బాలో పెట్టుకుని, అల్లుడి సీసాతో సహా అందరం ట్రైన్ ఎక్కాం. పట్టుచీరలో ఉన్న పిల్లను చూసి ఎవరో లేచి చోటిచ్చారు. ఆ చోట్లో నేను కూర్చున్నాను. గుట్ట మీద పెళ్ళికొడుకూ, ఫోటోలు తీసే చైనా అబ్బాయీ అప్పటికే వచ్చి ఉన్నారు. డబ్బా చూసి "మకాన్?" అని, అంటే తిండా అని, అడిగాడా అబ్బాయి. ముందు వాళ్ళకు, తర్వాత నీకని మనవరాలు వాడి భాషలో చెప్పింది.

గోడ ముందు కొత్త టువాలు పరిచి, పళ్ళెంలో గారెలు పెట్టి, పక్కన మూతెడు మందు పెట్టాను. పిల్ల ఒక రాయి మీది అక్షరాలు చదవబోయింది. అరిగిపోయి పేరు తెలియలేదు.

"మా పిల్ల పెండ్లి. కొంచెంసేపు మీ మీద నిలబడుతది. తప్పు పట్టకుండ్రి," అని చెప్పాను. తెలుగులోనే చెప్పాను, నాకు వచ్చింది అదే.

తినేవాళ్ళను చూడకూడదు కాబట్టి అందరం అటు తిరిగి నిలబడ్డాం. ఎందుకో తెలియకపోయినా ఆ చైనా అబ్బాయి కూడా కెమెరాతో సహా అటు తిరిగాడు. కాసేపు ఆగి గారెలు పంచాను. మూతలోది అల్లుడు కళ్ళకద్దుకుని తాగాడు. పళ్ళెం ఖాళీ అయింది.

చెప్పులు విడిచి గడ్డి మీదికి పొమ్మన్నాను. పిల్ల విడిచి వెళ్ళి నిలబడింది. పెళ్ళికొడుకు బూట్ల ముడులు విప్పడానికి కొంచెం ఆలస్యమైంది.