మోకాలి లోతు పగులు

2005 జనవరి. పోర్ట్‌బ్లెయిర్ శివార్లలో తాగునీటి కోసం కట్టిన ఒక పాత మట్టి ఆనకట్టకు నేను జూనియర్ ఇంజనీర్ని. సునామీకి ముందు వచ్చిన భూకంపానికి కట్ట పైభాగాన, పొడవునా, వేలు దూరేంత పగులు పడింది. ఆ తర్వాత వస్తున్న చిన్నచిన్న కుదుపులకు అది ఇంకా విచ్చుకుంటోంది.

మట్టికట్టకు ప్రాణం దాని కోర్, అంటే నీటిని ఆపే నడిమి బంకమట్టి గోడ. పగులు అక్కడిదాకా దిగిందో లేదో పైనుంచి తెలియదు. తవ్వి చూద్దామంటే నిండుగా నీళ్ళున్నప్పుడు తవ్వడమే ప్రమాదం. దిగువన బడిలో, లిటిల్ అండమాన్ నుంచి ఓడలో వచ్చిన సునామీ బాధితుల క్యాంపు. వాళ్ళను మార్చడానికి ఊళ్ళో ఇంకో చోటు లేదు.

నీటిమట్టం సగానికి దించాలని నోట్ రాశాను. పైవాళ్ళు ఆ రోజే ఒప్పుకున్నారు.

వాల్వు తిప్పే మంగ్రా భయ్యా రాంచీవాడు. ముప్పై ఏళ్ళుగా ఆ కట్టమీదే ఉన్నాడు. చక్రంమీద చెయ్యివేసి ఆగాడు.

"సాబ్, గర్మీ మే లోగ్ క్యా పీయేంగే?" వేసవిలో జనం ఏం తాగుతారని.

"ముందు వాళ్ళని బతకనీ భయ్యా. ఖోలో, తెరువు," అన్నాను.

పదిరోజులు నీళ్ళు వాగులోకి పోయాయి.

ఏప్రిల్‌కల్లా కుళాయిలు వారానికోసారి. క్యాంపుకి ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలియదు. జనం వాగు గుంతల్లో ముంచుకున్నారు. వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి.

ఒక మధ్యాహ్నం క్యాంపులో ఉండే అప్పలమ్మ కట్టెక్కి వచ్చింది. శ్రీకాకుళం వైపునుంచి వచ్చి లిటిల్ అండమాన్‌లో చేపలమ్ముకుని బతికిన మనిషి. భర్తను సముద్రం తీసుకుపోయింది. ముందురోజే ఎనిమిదేళ్ళ కూతురు విరేచనాలతో ఆసుపత్రిలో చనిపోయింది.

"బాబూ, నీళ్ళొగ్గేసింది నువ్వేనా?"

"కట్ట తెగితే మీరంతా కొట్టుకుపోతారని భయపడ్డానమ్మా."

"మా బడి పక్కనించే పోనాయి. నా గుంట అందులోనే ఆడుకుంది. అన్ని నీళ్ళు పోతంటే సూస్తా కూకున్నాం. దానికి ఒక్క కడవ మిగల్లేదేటి బాబూ?"

ఆమె తిట్టలేదు. ఏడవలేదు. అడుగున మిగిలిన నీళ్ళకేసి కాసేపు చూసి దిగిపోయింది.

మేలో, వానలకు ముందు, పగులు లోతు చూడడానికి ట్రయల్ పిట్, అంటే పరీక్ష గుంత, తవ్వించాం. పగులులో సున్నపునీళ్ళు పోసి, ఆ తెల్లగీత వెంట తవ్వుకుంటూ పోవాలి. గీత మోకాలి లోతులో ఆగిపోయింది. కోర్‌కి ఏమీ కాలేదు. నీళ్ళు వదలకపోయినా సరిపోయేది.

"నీ తప్పేం లేదయ్యా," అన్నారు పై అధికారి. మంగ్రా భయ్యా పార తీసుకుని గుంత పూడ్చడం మొదలుపెట్టాడు.

తెలియనప్పుడు కట్టనే అనుమానించమని మా చదువు చెబుతుంది. అది నిజమే. అనుమానానికి మూల్యం చెల్లించేది మాత్రం మేము కాదని ఆ వేసవే నేర్పింది. అలాంటి పగులు మళ్ళీ కనిపిస్తే ఏం చేస్తారని కొత్త ఇంజనీర్లు అడుగుతుంటారు. వాల్వు తెరిపిస్తాను అంటాను. ఆ జవాబు అప్పలమ్మ ముఖం చూసి చెప్పే ధైర్యం నాకు ఈరోజుకీ లేదు.