ముక్కావిడకు జలుబు

పాత ఫోన్లు విప్పే ఆ షెడ్డులో అందరూ ఆమెను ముక్కావిడ అంటారు. కోపం ముక్కు మీదే ఉంటుంది, బతుకుతెరువూ ఆ ముక్కు మీదే. ఊడదీసిన ప్రతి బ్యాటరీనీ వాసన చూస్తుంది. తియ్యటి వాసన వస్తే లోపల కారుతోందన్నమాట. అది ఇసుకలోకి పోతుంది. వాసన లేనిది పక్క గదిలో ఉన్న చెల్లెలికి. చెల్లెలు వాటిని పెట్టెల్లో సర్ది మూత బిగిస్తుంది. కారేది ఒక్కటి కలిసిందా, పెట్టెకు పెట్టే అంటుకుంటుంది. పన్నెండేళ్లలో ఒక్కటీ కలవలేదు. ఆ సంగతి ఆవిడే అందరికీ చెబుతుంటుంది.

అందుకే ఆ రోజు జలుబు చేస్తే నోరు మెదపలేదు. ముక్కావిడకు ముక్కు పనిచెయ్యడం లేదంటే నలుగురూ నవ్వరూ? కాస్త దిబ్బడే కదా అనుకుని, అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంటూ అన్నీ పంపేసింది. పరువు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడమంటే ఇదే. అదీ తన ప్రాణం కాదు.

మధ్యాహ్నం ఎవరో స్పిరిట్ సీసా ఒలకబోశారు. షెడ్డంతా ముక్కులు మూసుకుంది.

"బాబోయ్, ఏం ఘాటమ్మా!" అంది పక్కన కూర్చున్నావిడ.

ముక్కావిడ గట్టిగా పీల్చింది. ఏ వాసనా లేదు. పొద్దుటి నుంచి మూడు పెట్టెల సరుకు పంపింది! చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? పటకారు తీసుకుని పరుగెత్తింది.

చెల్లెలు మూడో పెట్టె మీద మోకాలు ఆనించి మూత అదుముతోంది.

"లేవే! చెయ్యి తియ్యి!"

"ఏమైందక్కా?"

"పొద్దుట్నుంచీ నాకు వాసనే తెలీట్లేదు. నువ్వు బయటికి పో."

చెల్లెలు లేచింది గానీ పోలేదు. "మరి ఎవరు చూస్తారు, నువ్వా?" అంటూ మూత తీసి, తలవంచి, ఒక్కొక్కటే వాసన చూడసాగింది. అక్క పటకారు పట్టుకుని పక్కనే నిలబడింది. తన తప్పుకు చెల్లెలి ముఖం అడ్డం పెట్టింది. ఆపాలనుంది, ఆపితే వేరే దారి లేదు.

ఆ పెట్టెలో లేదు. రెండోదాంట్లోనూ లేదు. మొదటి పెట్టె సగానికి వచ్చాక చెల్లెలి చెయ్యి ఆగింది.

"ఇదే. వేడిగా కూడా ఉంది."

అక్క పటకారుతో అందుకుని, మూలనున్న ఇసుక తొట్టెలో పూడ్చి, పైన దోసిళ్లతో ఇసుక పోసింది. లోపల బుస్సుమంది. పొగ లేచింది. ఇద్దరూ గోడకు ఆనుకుని అది తగ్గేదాకా చూశారు.

"జలుబని ఒక్క మాట చెప్పుంటే, పొద్దున్నే నీ పక్కన కూర్చునేదాన్ని కదక్కా," అంది చెల్లెలు.

తిట్టినా బాగుండేదనుకుంది అక్క. చెల్లెలు ఆ మాట మెల్లగా అంది.