దురద లేని మచ్చ

పోయిన మంగళవారం పొద్దున్న నేను బియ్యం కడుగుతుంటే బాగ్‌బేరా నుంచి మా పాత పక్కింటావిడ చిన్నకొడుకు వచ్చాడు. స్కూటరు దిగకుండానే "అమ్మ నహీ రహీ, మౌసీ" అన్నాడు. వాళ్ళమ్మ నిద్రలోనే పోయిందట. రాత్రి ఏం తింది, ఏమైనా అందా, ఎవరున్నారు దగ్గర అని నేను అడుగుతూనే ఉన్నాను. పాపం, ఆ పిల్లాడు అన్నిటికీ హిందీలో ఓపిగ్గా జవాబు చెప్పాడు. అలా అడగడం నాకు వాళ్ళమ్మ నుంచి అంటుకున్న అలవాటని అతనికీ తెలుసు.

ఆవిడ నాకు చుట్టం కాదు. పెళ్ళయిన కొత్తలో, డెబ్బైల మొదట్లో, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి టాటానగర్ యార్డు పక్కన బాగ్‌బేరాలో అద్దెకి దిగితే పక్క వాటాలో ఆవిడ ఉండేది. మా వైపు అక్కని అప్ప అంటాం. మొదటి రోజునుంచీ అప్పే.

వేసవి వస్తే బాగ్‌బేరాలో అందరి ఒళ్ళూ పేలిపోయేవి. డాక్టరు దాకా ఎవరు వెళ్తారు? మందుల షాపులో అడిగితే ఇచ్చే గులాబీరంగు లోషను చెమటకాయలకి, పసిపిల్లల తొడలు ఒరుసుకుపోతే తెల్ల ఆయింట్‌మెంటు. అందరం కొనేవాళ్ళం, పూసుకునేవాళ్ళం. ఇందులో ఏముందని షాపువాణ్ణి అడిగింది మాత్రం అప్ప ఒక్కర్తే. "జింక్" అన్నాడతను.

ఆ మాట ఆవిణ్ణి పట్టుకుంది. వాళ్ళాయన ఆదిత్యపూర్‌లో ఇనప రేకుల్ని కరిగిన జింకులో ముంచే చోట పనిచేసేవారు. బకెట్టుకి తుప్పు పట్టకుండా పూసేదాన్నే మనిషికీ పూస్తున్నారా అని భోజనం దగ్గర ఆయన్ని నిలదీసింది. కరిగే జింకు మీద లేచే పొగ తెల్లటి పొడిలా పేరుకుంటుందని, ఆయింట్‌మెంటులో ఉండేదీ ఆ జాతిదేనని, మందుకైతే దాన్ని శుభ్రం చేస్తారని ఆయన చెప్పారు. కాస్త తెచ్చి చూపించమంటే మాత్రం చెయ్యెత్తి దండం పెట్టారు.

ఆ ఏడు అప్ప ఒక చేతికి లోషను పూసి, రెండోదానికి ఏమీ పూయకుండా వదిలేసింది. వానలు పడ్డాక రెండు చేతులూ చాపి మాకు చూపించింది. రెండూ ఒక్కలాగే నున్నగా ఉన్నాయి. "దురద తగ్గింది లోషనుకి, చెమటకాయలు తగ్గింది వానకి" అని తేల్చింది. ఎవరైనా మందు పనిచేసిందంటే చాలు, "పనిసేసింది సరే, ఏటి తగ్గిందో సెప్పు" అనేది. కొందరికి విసుగ్గా ఉండేది. నాకూ ఉండేది.

అప్పుడే నా ముంజేతి మీద ఒక మచ్చ వచ్చింది. చుట్టూ ఉన్న చర్మం కంటే కాస్త తెల్లగా, పొడిగా ఉండేది. శోభి అనుకున్నాను. అందరిలాగే లోషను తెచ్చి పూస్తున్నాను. ఎన్నాళ్ళు పూసినా అది పోలేదు, నేనూ పట్టించుకోలేదు. ఒక మధ్యాహ్నం నేను పూసుకుంటుంటే అప్ప వచ్చి పక్కన కూర్చుని, ఎంతసేపటికి దురద తగ్గుతోందని అడిగింది. అసలు దురదే లేదన్నాను.

"దురద లేకపోతే ఎందుకు పూత్తన్నావు మరి?"

ఆవిడ లేచి వెళ్ళి దీపం వత్తికి ఉంచిన దూది కొంచెం తెచ్చింది. కళ్ళు మూసుకుని, తగిలినప్పుడల్లా చెప్పమంది. మోచేతి దగ్గర చెప్పాను, అరచేతిలో చెప్పాను. తర్వాత చాలాసేపు ఏమీ తగల్లేదు. కళ్ళు తెరిస్తే దూది నా మచ్చ మీదే ఉంది.

అప్ప ముఖంలో అంతసేపూ ఉన్న సరదా పోయింది. "ఇదేటో నాకు తెలీదు పిల్లా. తెలిసినోల దగ్గరికి ఎల్దాం" అంది.

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరు కూడా దూదితోనే చూశాడు. మా ఇళ్ళల్లో పైకి అనని ఆ మాట అన్నాడు. కుష్ఠు; మావాళ్ళు పెద్దరోగం అనేది. తొందరగా వచ్చారు, మాత్రలున్నాయి, వేళ్ళకీ కళ్ళకీ ఏమీ కాదు అని ఆయన చెబుతూనే ఉన్నాడు. నాకు వినబడలేదు. నన్ను పుట్టింటికి పంపేస్తారన్నదొక్కటే తలలో తిరుగుతోంది. అప్ప మాత్రం అడిగిందే అడిగి అన్నీ విడమరిచి చెప్పించుకుంది. పక్కింట్లో ఉంటాను కదా, నన్నూ చూడండి అని తన చేతులు చాపింది.

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పింది కూడా ఆవిడే. నేను లోపల గోడకి ఆనుకుని విన్నాను. "దీనికి మందుంది బాబూ. మానకుండా రోజూ ఏలకి మింగాల. ఊరు పంపీసినావంటే ఆ మందు ఆగిపోద్ది. అప్పుడు సేతులు పోతాయి. ఏటి సేత్తావో నువ్వే ఆలోసించుకో." ఆయన రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మూడో రోజు తనే వెళ్ళి డాక్టరుకి తన ఒళ్ళూ చూపించుకుని వచ్చారు. ఆ తర్వాత మాత్రలు తేవడం ఆయన పని అయింది. ఏళ్ళ తరబడి మింగాను. మా ఇద్దరు పిల్లలూ ఆ తర్వాత పుట్టినవాళ్ళే. నేనివాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్న వేళ్ళన్నీ నిటారుగానే ఉన్నాయి.

అప్ప చదువుకున్నది అయిదో తరగతి. తనకి తెలుసని ఎప్పుడూ అనలేదు. తెలీదన్న మాట అంత తేలిగ్గా అనగలిగిన మనిషిని మళ్ళీ నేను చూడలేదు.

మంగళవారం ఆ కబురు విన్నప్పుడు నాకు ముందుగా కళ్ళకి కట్టింది, ఆస్పత్రి నుంచి తిరిగి వచ్చిన ఆ మధ్యాహ్నం. రైలు గేటు పడి ఉంది. ముడి ఇనుము నింపిన గూడ్సు నెమ్మదిగా పోతోంది. రిక్షాలో నేను ఏడుస్తున్నాను. అప్ప నా చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని సరిగ్గా ఆ మచ్చ మీద అరచెయ్యి పెట్టుకుంది. మచ్చ ఉన్న చోట ఆ చెయ్యి నాకు తెలియలేదు. వేళ్ళ కొసలు మచ్చ దాటి ఆనిన చోట మాత్రం వెచ్చగా తెలిసింది. గూడ్సు పోయి, గేటు లేచి, రిక్షా పట్టాలు దాటినా ఆవిడ చెయ్యి తియ్యలేదు.