మామ్మగారి వాకరూ, విరగని వాషరూ

ఏడో తరగతితో నేను బడికి విముక్తి ప్రసాదించాను. అయినా ఏలూరులో నా రిపేరు కొట్టుకి వచ్చేవాళ్ళలో ఇంజినీర్లే ఎక్కువ. ముందు ఇంట్లో తామే బాగుచేస్తారు, ఆ తర్వాత నా దగ్గరికి తెస్తారు. వాళ్ళ చదువు చలవే నా కొట్టు.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం కొల్లేరు వైపు నుంచి చేపల చెరువుల రైతు ఒకాయన కారులో వచ్చారు. ఆయనా ఇంజినీరే. వెనక సీటులోంచి వాళ్ళమ్మగారు, ఎనభై దాటిన మామ్మగారు, కొడుకు భుజం పట్టుకుని దిగారు. తుంటి ఆపరేషను తర్వాత ఆవిడ నడిచేది చక్రాల వాకరుతోనే. చెరువు మీద కొంగలు వాలకుండా కట్టే నైలాన్ దారం ఇరుసుకి చుట్టుకుని, ఒక చక్రం బిగుసుకుపోయింది.

“రేపు పొద్దున్నే మా చెరువులో పట్టుబడి ఉందండి,” అన్నారాయన. అంటే వల లాగి చేపలు లారీకెక్కించే రోజు.

“నేను గట్టు మీద లేకుండా ఒక్క పట్టుబడీ జరగలేదబ్బాయ్,” అన్నారు మామ్మగారు. “రేపూ జరగదు.”

చక్రం తీయాలంటే ఇరుసు చివరనున్న చిన్న రేకు వాషరు ఊడాలి. దానికి లోపల పళ్ళుంటాయి. తోస్తే ఎక్కేస్తుంది, లాగితే ఇరుసుని కరిచి పట్టుకుంటుంది. రమ్మంటే వచ్చి, పొమ్మంటే కదలని కొత్త అల్లుడి తంతు. ఆ సైజుది ఏలూరులో విడిగా దొరకదు. విరిగితే, ఇంకోటి తెప్పించేదాకా వాకరు మూలకే. ఇంజినీరుగారు అప్పటికే కటింగ్ ప్లేయరుతో దాని పన్నొకటి వంచి మరీ తెచ్చారు.

మామ్మగారు కుర్చీలో కూర్చున్నాక ఆయన నా చెవి దగ్గరికి వంగారు.

“ఏవండీ మేస్త్రిగారూ, అది విరిగినా పర్వాలేదండీ.”

“ఏంటండీ?”

“గట్టంతా బురదండి. ఈసారి జారితే ఇంక లేవడం కష్టమన్నారండి డాక్టరుగారు. రావద్దని అమ్మతో నేననలేను. వాషరు విరిగిందని మీరనండి.”

మావైపు మర్యాద అదీ. తల్లికి ఎదురు చెప్పకూడదు, మేస్త్రి చేత అబద్ధం చెప్పించొచ్చు.

నేను ఇరుసు మీద చుక్క నూనె వేశాను. గడియారాల స్క్రూడ్రైవరుతో ఒక్కో పన్నునీ వెంట్రుకవాసి లేపాను. అటూ ఇటూ తిప్పుతూ, రెండు పక్కలా సమానంగా పైకి తెచ్చాను. ఒక పక్కే లాగితే వంకరపోతుంది. దాన్ని బతిమాలాలి తప్ప బెదిరించకూడదు. ఊడి వచ్చింది, చెక్కుచెదరకుండా. ఆయన ముఖం మాత్రం ఉన్నపళంగా విరిగింది.

ఆయన భయం న్యాయమైనదే. కానీ విరగనిదాన్ని విరిగిందనడానికి నాకు నోరు రాలేదు. వాషరు మామ్మగారి అరచేతిలో పెట్టాను.

“నిక్షేపంలా ఉందండి. విరిగిందని చెప్పమన్నది మీ అబ్బాయిగారు.”

“ఎందుకురా?”

“భయమమ్మా. నువ్వు పడిపోతావని.”

“ఆ ముక్క ఇంట్లో ఏడవచ్చుగా! దీనికి ఏలూరు దాకా రావాలా?” వాషరు నా చేతికిచ్చి, “సరే, గట్టెక్కను. రోడ్డు మీద కాటా దగ్గర కుర్చీ వెయ్యి. ప్రతి ట్రే నాకు చూపించాకే లారీ ఎక్కాలి,” అన్నారు.

దారం కోసేసి, వంగిన పన్ను సరిచేసి, వాషరు మళ్ళీ ఎక్కించాను. మామ్మగారు వాకరు తోసుకుంటూ కారు దగ్గరికి నడిచారు. ఆయన రెండు చేతులూ చాపి, తాకకుండా, వెనకే నడిచారు.

“నీడలా తగులుకోకురా,” అన్నారావిడ. “ముందుకెళ్ళి తలుపు తియ్యి.”