మూడంతస్తుల హాల్లో నాలుగు కేజీల ప్రెజర్

దయ్యాల మాట ఎవరెత్తినా నవ్వి నా పనిలో పడిపోయే మనిషిని నేను. ఇప్పటికీ దయ్యం అనను. కానీ శాలిబండలో పట్టపగలు చూసినదాన్ని మరేమనాలో తెలియదు.

మా ఆయన యాదగిరి పెద్ద బిల్డింగుల్లో మంటలార్పే నీళ్ళ పైపులు, పంపులు బిగిస్తాడు. కొత్తగా కట్టిన ఒక ఫంక్షన్ హాలుకు ఎంత పంపు కావాలో చూడమంటే వెళ్ళాడు. అన్నం డబ్బా ఇద్దామని నేనూ వెళ్ళాను.

మిద్దె మీది టాంకీ నుంచి కింది దాకా పైపు నిండా నీళ్ళు. అడుగున నీళ్ళ ప్రెజర్ చూపే గడియారంలాంటి మీటరు. పది మీటర్ల ఎత్తు నీళ్ళకు దాని ముల్లు ఒక కేజీ చూపుతుందని ఆయనే నాకు చెప్పాడు. మూడంతస్తులకు కేజీ మీద కొంచెం చూపాలి. పంపు ఇంకా పెట్టనేలేదు, ముల్లు నాలుగు దగ్గర నిలబడింది. మీటరు మార్చినా అంతే.

“పైన ఇంక మస్తు అంతస్తులున్నట్టు చూపిస్తుందేంది?” అన్నాడు మా ఆయన.

“మీటరు గాదు భాయ్, నీ దిమాగ్ మార్పించుకో. పెద్ద పంపు అంటగట్టే కత గిది,” అన్నాడు పక్కనే ఉన్న హాలు మేనేజర్.

మా ఆయనకు రోషం వచ్చి, చివరి అంతస్తులో వాల్వు తెరిచి చూస్తానని మెట్లెక్కాడు. కాసేపటికి ఫోన్ చేశాడు.

“తెరిచిన సరోజా. చుక్క రాలే. దిగుతున్న.”

ఫోన్ పెట్టలేదు. చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ముల్లు పైకి కదిలింది. ఐదు. ఆరు. చప్పుడు ఆగదు, మనిషి రాడు. మెట్ల దగ్గరికి పోయి పైకి చూశాను. ఎవరూ లేరు.

“ఏమయ్యా, ఏడున్నవ్?”

“దిగుతనే ఉన్న. కింది తలుపు వస్తలేదే.” ఒగరుస్తున్నాడు. “నా ఎనక ఎవలో దిగుతున్నరు సరోజా.”

ముల్లు ఎక్కినకొద్దీ ఆయనకు మెట్లు పెరుగుతున్నాయనిపించింది. మీటరు దగ్గరికి పరుగెత్తుకొచ్చి, నీళ్ళు కిందికి వదిలే వాల్వు మీద చెయ్యి వేశాను. మేనేజర్ నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఓ అమ్మా, కార్పెట్ ఖరాబైతది!”

“ఆడ నా మొగడు ఖరాబైతుండు, జరుగు!”

తోసేసి తిప్పాను. నీళ్ళు హాలంతా నిండి గల్లీలోకి పారాయి. ముల్లు పడిపోయింది. అప్పుడొచ్చాడు మా ఆయన, మెట్ల మీద నుంచి ఎవరో విసిరేసినట్టు.

డాక్టరు బీపీ అన్నాడు. ఆయనకు కళ్ళు తిరిగాయంటే ఒప్పుకుంటాను. మరి ముల్లును నేను చూశాను, మేనేజర్ చూశాడు. మాకేం కళ్ళు తిరగలేదే.

వేరే ఎవరో వచ్చి పంపు బిగించారు. ఆ హాల్లో ఇప్పుడు పెళ్ళిళ్ళవుతున్నాయి. మా ఆయన బయటపడ్డాడు, నాకదే చాలు. ఆయన వెనక దిగుతున్నది మాత్రం ఎవరో, ఎంతవరకు దిగారో నాకు తెలియదు.