అసుంతమ్మ ఫాతెహా

గల్ఫు దేశంలో, బర్కా ఊళ్లో ఖర్జూరం తోటకు కాపలా ఉండే యాకూబ్‌కి అరవై మూడేళ్లు. కడపవాడు. మనిషి మెత్తన, కానీ ఏటా డిసెంబరు పదమూడున మాత్రం ఎవరి మాటా వినడు. ఆ రోజు స్నానం చేసి, ఊదు వేసి, ఉడకబెట్టిన చెనిక్కాయల గిన్నె ముందు కూర్చుని, ఇటలీ దేశపు కిరస్తానీ ఆడమనిషి పేరున, పోయినవాళ్ల కోసం చదివే ఫాతెహా చదువుతాడు. ఎక్కడైనా విన్నామా ఈ వింత!

"మౌల్వీ సాబ్‌కు తెలిస్తే మెడ పట్టి గెంటుతడు చాచా," అని రూమ్‌లో ఉండే హైదరాబాదు ముఖీత్ ఏడిపిస్తాడు.

"గెంటనీలేరా. ఆయమ్మ లేకుంటే మా అబ్బా యాడ, నేను యాడ?"

అదీ నిజమే. యాకూబ్ తండ్రి దస్తగిరి తెల్లదొరల పటాలంలో వంతెనలు కట్టడం నేర్చాడు, పేల్చడమూ నేర్చాడు. యుద్ధంలో ఖైదీగా దొరికి ఇటలీ చేరాడు. క్యాంపు నుంచి పారిపోతే, ఒక కొండ ఊళ్లో అసుంతా అనే విధవరాలు గొర్రెల కొట్టంలో దాచి, చెనిక్కాయల్లా అడవికాయలు ఉడకబెట్టి పెట్టి బతికించింది. ముస్సోలినీ మనుషుల మీద, జర్మన్ల మీద తిరగబడ్డ కుర్రాళ్లు ఆ కొండల్లోనే ఉండేవారు. వాళ్లు తెచ్చిన పేలుడు మందుతో దస్తగిరి ఊరి వంతెన లేపేశాడు. మర్నాడు, డిసెంబరు పదమూడున, జర్మన్లు ఊరి మీద పడ్డారు. కొండ మీద నక్కిన దస్తగిరికి తుపాకుల మోత వినిపించింది. దిగి చూసే ధైర్యం చాలలేదు. తన మూలంగా ఆయమ్మను చంపేశారని, కడప చేరాక కూడా నిద్రలో "అసుంతమ్మా!" అని కేకలు పెట్టేవాడు. ఆయన పోయి ముప్పై ఆరేళ్లయినా ఆ కేక యాకూబ్ చెవుల్లోంచి పోలేదు.

ఈ ఏడు కూతురు తయ్యబా కడప నుంచి ఆ ఊరి పంచాయతీ ఆఫీసుకు మెయిల్ పెట్టింది. అసుంతా సమాధి ఎక్కడో తెలిస్తే తండ్రి ఆత్మ కుదుటపడుతుందని యాకూబ్ ఆశ. జవాబు రాగానే తయ్యబా ఫోన్ చేసింది; యాకూబ్ స్పీకర్ పెట్టాడు.

"బాబా, ఆయమ్మను చంపలేదంట! తొంభై ఏండ్లు బతికిందంట!"

"యా అల్లా! మా అబ్బా ఊరికే ఏడ్సి ఏడ్సి పోయినాడే!" యాకూబ్ నవ్వాడు, ఏడ్చాడు, ముఖీత్‌ని కౌగలించుకున్నాడు.

తయ్యబా నవ్వలేదు. "ఆ పొద్దు వేరే ఇండ్లోళ్లను పదిమందిని చంపినారంట బాబా. అందులో ఏడేండ్ల పాప ఉంది."

ఇన్నేళ్లూ యాకూబ్ ఆ రోజున చావని మనిషికి ఫాతెహా చదివి, చచ్చినవాళ్లను ఒక్కసారీ తలవలేదన్నమాట.

"ఇంగోటి అడిగినారు. వంతెన పేల్చింది ఆ ఊరి కమ్మరాయన కొడుకేనని ఊరు ఊరంతా ఆ ఇంటిని వెలేసిందంట. ఇప్పటికీ ఆ ఇంట్లో చావయితే ఎవరూ పోరంట. అసుంతమ్మను ఎంత అడిగినా నోరిప్పలేదంట. ఎవరు పేల్చినారో దాదా నీకేమైనా చెప్పినాడా అని అడుగుతాండారు."

ముఖీత్ చెయ్యి పట్టుకున్నాడు. "తెలవదని రాయించు చాచా. ఎనభై ఏండ్ల కిందటి ముచ్చట. పోయిన బాప్ పేరు ఎందుకు ఖరాబు చేస్తవ్?"

యాకూబ్ చెయ్యి విడిపించుకున్నాడు. కడపలో వాళ్ల వీధికి దస్తగిరి జర్మన్లను ఎదిరించిన వీరుడు. ఆ పేరు తప్ప తండ్రి ఇచ్చిన ఆస్తి మరేమీ లేదు. ముఖం తెలియని ఆ ఏడేళ్ల పాప ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు అనిపించింది.

"రాయి తయ్యబా. వంతెన పేల్చింది మా అబ్బా. షేక్ దస్తగిరి, కడప. కమ్మరోళ్ల పిల్లోడు కాదు. ఊర్లో అందరి ముందర చదవమని రాయి."

"బాబా, ఒకసారి ఆలోచించు..."

"మన ఇంటి అడ్రసు కూడా రాయి, అమ్మీ. ఎవరిని తిట్టుకోవాల్నో వాళ్లకు తెలియాల గదా."